రాతిలో ఒత్తిగిలిన పక్షి

సత్యవతమ్మ పొద్దున్నే గంప ఎత్తి కోళ్ళను వదిలేది. దోసెడు నూకలు వాకిట్లో చల్లి, ఆ తరవాత అరుగు మీది రాతిపలకకు కప్పిన గోనెగుడ్డ తీసేది. రాతిలో ఉన్న పక్షి ఆ వెలుతురికి కాస్త మెదిలి, రెండు రెక్కలూ బార్లా చాపి, మళ్ళీ ముడుచుకుని పడుకునేది. ఒకరోజు కుడిపక్కకు తిరిగేది, ఒకరోజు ఎడమపక్కకు ఒత్తిగిలేది.

"ఇవాళ ఎడమపక్కన పడుకుందే" అని సత్యవతమ్మ వంటింట్లోకి కేకేస్తే, కాలేజీకి క్యారియర్ సర్దుకుంటున్న కూతురు విజయకుమారి "సరేలే అమ్మా" అనేది. అంతకు మించి ఆ ఇంట్లో దాని గురించి చర్చ లేదు. పాలుపోసే మనిషి కూడా ఓసారి అటు చూసి, "చలికి ముడుచుకుంది పాపం" అనేసి తన దారిన వెళ్ళిపోయేది.

ఆ రాయి నాగాయలంక నుంచి వచ్చింది. అక్కడ భూషణం మావయ్య తన రొయ్యల చెరువు గట్టు జారిపోతుంటే మెట్ట నుంచి లారీల్లో రాయి తెప్పించాడు. ఒక పలకలో పిట్టేదో కదులుతోందని కూలీలు చెబితే, "మా విజయ ఇట్లాంటివేగా పిల్లలకి చెప్పేది" అని గడ్డి చుట్టి బందరు పంపించాడు. విజయకుమారి బందరులో డిగ్రీ కాలేజీ లెక్చరరు, జంతుశాస్త్రం చెబుతుంది. గడ్డి విప్పి చూసి భూతద్దం కోసం పరిగెత్తింది. అది కదులుతున్నందుకు కాదు. దాని నోట్లో పళ్ళున్నాయి. తోకలో బల్లికి ఉన్నట్టు ఎముకలున్నాయి. రెక్కలకు మాత్రం అచ్చంగా ఈకలు! మర్నాడే క్లాసుకు తీసుకెళితే పిల్లలందరి ముందూ ఆ పక్షి రెక్కలు చాపి ఒళ్ళు విరుచుకుని చూపించింది కూడా.

డైనోసార్ల సంతతే పక్షులని ఒక వర్గం, కాదు, అవి ఇంకా పాత సరీసృపాల నుంచి విడిగా పుట్టాయని ఇంకో వర్గం ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నాయి. ఇవిగో ఈకలని వీళ్ళు చూపిస్తే, ఈకలు కావు, కుళ్ళిన చర్మం పీచులని వాళ్ళు. చైనాలో ఎవరో రెండు మూడు జీవుల ముక్కలు అతికించి ఒకటే ప్రాణి అని అమ్మితే పేరున్న పత్రికే బోల్తాపడింది. అప్పటి నుంచీ ఎవరు ఏ రాయి తెచ్చినా ముందు జిగురు కోసమే వెతుకుతున్నారు. ఈ పండితుల పోట్లాట చూశాక చేపల బజారు ఎంతో నయమనిపిస్తుంది. అక్కడ కనీసం సాయంత్రానికి సద్దు మణుగుతుంది.

విజయకుమారి ఆ పక్షి మీద పరిశోధన పత్రం రాసింది. ఈకలున్న డైనోసారు మన దేశంలోనూ ఉందంది. చర్మం పీచు వర్గానికి మన వైపు పెద్ద దిక్కు ప్రొఫెసర్ కాంతారావు. గుడివాడ ఆయనే, హైదరాబాదులో స్థిరపడ్డాడు. ఆయన రాతి మీది నుంచి ఇంత పొడి గీకించి పరీక్షకు పంపాడు. ఈకల గీతల్లో బూడిద ఉందని రిపోర్టు వచ్చింది. కోట్ల ఏళ్ళనాటిది కాదు, నిన్నమొన్నటి పొయ్యి బూడిద.

విజయకుమారి ఇంటికొచ్చి తల్లిని నిలదీసింది.

"నువ్వేమన్నా పూశావా అమ్మా?"

"పూయనా మరి? పక్కనే కోళ్ళు తిరుగుతున్నాయి. పేలు పట్టవూ? వాటితోపాటే దీనికీ నీళ్ళపొయ్యి బూడిద పులిమాను."

"రాతికి పేలేంటమ్మా!"

"రాతికెవరు పూశారే? పిట్టకి పూశాను."

విజయకుమారి నెత్తి పట్టుకుంది. బూడిదతో ఈకలు గీసి లోకాన్ని మోసం చేసిన లెక్చరరని పేపర్లో పడింది. కాలేజీవాళ్ళు సంజాయిషీ అడిగారు. రుజువు చేసుకోలేకపోతే ఉద్యోగం నుంచి తీసేస్తామని మర్యాదగానే చెప్పారు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా "బూడిద మేడం మీరేనాండీ?" అని అడిగితే ఆవిడకు ఏడుపొచ్చింది.

విచారణకు కాంతారావే వచ్చాడు. కాలేజీ ల్యాబులో బల్ల మీద పలక పెట్టారు. కొత్త చోటయ్యేసరికి పక్షి బోర్లా పడుకుని రెక్కలు పొట్ట కింద దాచుకుంది.

"మాది మీ పక్క గుడివాడేనమ్మా. మీ భూషణం నాకు తెలుసు, వరసకి నీకు బాబాయినవుతాను" అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "నీమీద నాకేం కోపం? కదులుతోంది, కాదనను. బల్లీ కదులుతుంది. ఈకలేవీ?"

"కిందకి పెట్టుకుంది సార్. కాసేపాగితే తిరుగుతుంది."

"తిరిగినా ఆ పక్కంతా బూడిదేగా."

"స్కానింగ్ తీయించండి."

"తీయించాంగా, కదిలి బొమ్మంతా చెదిరింది. ఒకటే మార్గం. పలకని పొర వెంట చీల్పించు. లోపలి పక్కకి ఎవరూ బూడిద పూయలేరు. ఈకలుంటే నేనే ఒప్పుకుంటాను."

ఆ రాత్రి తల్లి బతిమాలింది. "దానిమీద దెబ్బ వెయ్యనీకే. అది నిన్నేం చేసింది?" విజయకుమారి అటు తిరిగి పడుకుంది. దెబ్బ పడితే ఏమవుతుందో ఆవిడకూ తెలుసు. తెలిసే మర్నాడు రాళ్ళు కొట్టే పున్నారావును ల్యాబుకు పిలిపించింది.

పున్నారావు ఉలి ఆనించి ఆగాడు. "నిద్రలో ఉందండీ. లేచాక కొడదామా?"

"లేస్తే కదులుతుంది. ఇప్పుడే కొట్టు" అంది విజయకుమారి.

పలక రెండుగా విడింది. లోపలి పక్కన రెండు రెక్కలు, ఒక్కో ఈకకు నడుమ ఈనె, ఈనెకు అటూ ఇటూ నూగు, నిన్న రాలినంత స్పష్టంగా ఉన్నాయి. బూడిద నలుసు లేదు. కాంతారావు భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, "ఈకలే" అన్నాడు. చప్పట్లు కొట్టారు. పక్షి మాత్రం అప్పుడే కాదు, ఆ తరవాత కూడా కదల్లేదు. సత్యవతమ్మ ఆ వారమంతా కూతురికి అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు.

ముప్పై ఏళ్ళు ఒకే మాట మీద నిలబడ్డ మనిషి ఉత్త చేతులతో వెళతాడా? నెల తిరక్కుండా కాంతారావు ఫోన్ చేశాడు.

"ఇద్దరం కలిసి రాద్దామమ్మా. నీ పేరే ముందు. ఈకలున్నాయి, నిజమే. కానీ రెక్కలు ముడుచుకునే ఉన్నాయి, భుజం కీలు చూస్తే పైకి లేచేలా లేదు. ఎగరలేని జీవి అని తేలుద్దాం."

"రెక్కలు చాపేది సార్. రోజూ చూశాను."

"ఇప్పుడు చాపి చూపించగలవా?"

విజయకుమారి ఖాళీ అరుగు వైపు చూసింది.

"మళ్ళీ గొడవ మొదలైతే ఆ బూడిద రిపోర్టు కూడా బయటికి తీస్తారు. నా మాట విను" అన్నాడాయన, నిజంగా బాబాయిలాగే.

ఆవిడ సంతకం పెట్టింది. పత్రం అచ్చయింది, డాక్టరేట్ వచ్చింది, శాఖాధిపతి కుర్చీ వచ్చింది. రాతి ముక్కలు రెండూ హైదరాబాదు మ్యూజియంలో అద్దాల వెనక చేరాయి. ఎగరలేని పక్షి అని పాఠ్యపుస్తకంలోకీ ఎక్కింది. ఆ పాఠం రాసిందీ, క్లాసులో చెప్పేదీ విజయకుమారే. చెప్పిన ప్రతిసారీ తనంటే తనకే రోత పుట్టేది. అయినా గొంతు తొణక్కుండా చెప్పడం అలవాటు చేసుకుంది.

ఆ ఏడు ఆఖరి సంవత్సరం పరీక్షలో దాని మీదే ప్రశ్న పడింది. అలేఖ్య అనే అమ్మాయి "ఎగిరేది" అని రాసింది. క్లాసులో అందరికంటే బాగా చదివే పిల్ల. తను డిగ్రీలో చేరిన ఏడు, రాయి కొత్తగా వచ్చినప్పుడు, మొదటి బెంచీలో కూర్చుని దాన్ని చూసిన పిల్ల. విజయకుమారి ఆ జవాబును కొట్టేసింది.

పేపర్లు ఇచ్చిన రోజు అలేఖ్య బల్ల దగ్గరకొచ్చింది.

"మేడం, రెక్కలు చాపడం మేం చూశాం కదండీ. మీరు మా పక్కనే ఉన్నారు."

"ఉన్నాను."

"మరి తప్పెలా అవుతుందండీ?"

"పుస్తకంలో ఏముందమ్మా?"

"ఎగరలేదని ఉందండీ."

"రాసిందెవరు?"

"మీరేనండీ."

విజయకుమారి తలెత్తలేకపోయింది. ఆ పిల్ల ఇంకో మాట అంటే బాగుండునని, ఎదురు తిరిగి పోట్లాడితే మార్కులన్నీ ఇచ్చేద్దామని, అసలు సంగతంతా చెప్పేద్దామని ఆశపడింది.

అలేఖ్య పేపరు మడత పెట్టుకుంది.

"సరేనండీ మేడం. ఎగరలేదు" అని వెళ్ళిపోయింది.