నలభయ్యో రోజు

పిన్ని కూతురి పెళ్ళికి భాగ్యరేఖ బొబ్బిలి వెళ్ళలేదు. రెండు రోజులకోసారి ఈగల్ని కొత్త సీసాల్లోకి మార్చకపోతే పాత మేతలో కూరుకుపోయి చచ్చిపోతాయి. అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలే అవి. వాటి పేగులో అరిగిపోయిన కణాల చోట కొత్తవాటిని పుట్టించే మూలకణాలుంటాయి. ఈగ ముసలిదయ్యేసరికి అవి అదుపు తప్పి, అక్కర్లేకపోయినా పుట్టిస్తూనే పోతాయి. వాటికి పగ్గం వేసేదేమిటన్నదే ఆమె పరిశోధన. సగం ఈగల్లో ఒక జన్యువు వేడికి అణగిపోయే ఏర్పాటుంది; అది అణిగితే మూలకణాలు అదుపులో ఉంటాయని ఆమె ఆశ. మిగతా సగం మామూలువి, పోల్చి చూడ్డానికి. అన్నిటినీ ఇరవై తొమ్మిది డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి నలభై రోజులు కాచుకుంది.

ఇంట్లోవాళ్ళు పెళ్ళికి వెళ్ళడంతో, ఈ హిందీ ఊళ్ళోని సెక్టర్ 7 క్వార్టర్‌లో ఇప్పుడు తనొక్కతే. కాలేజీలో ఈగల గదిలోనూ తనొక్కతే. గైడు వేరే ఊరు మారిపోయి ఏడాదైంది.

నలభయ్యో రోజు ఉదయం ఆత్రం ఆపుకోలేక, జన్యువు అణచిన ఈగల్నే ముందు కోసింది. సూక్ష్మదర్శిని కింద ఆకుపచ్చగా మెరిసే మూలకణాలు, పడుచు ఈగలో ఉన్నట్టే, దూరదూరంగా ఉన్నాయి. ఆరు ఈగల్లోనూ అంతే. పెళ్ళిలో ఉన్న తల్లి లక్ష్మీకుమారికి వెంటనే ఫోన్ చేసింది.

“మమ్మీ, సునో, నా ఈగలు... వో స్టెమ్ సెల్స్ హై నా...” తెలుగు మాట దొరక్క ఆగింది.

“ఏటే? సన్నాయిలో ఇనబడ్నేదు! జీలకర్రా బెల్లం పెట్టీస్తన్నారు, మల్లీ సేస్తానుండు.”

వరండాలో ఉన్న గార్డు జితేంద్రను పిలిచి చూపించింది. అతను కన్ను ఆనించి, “అచ్ఛా హై దీదీ” అని మర్యాదగా చెప్పి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పుడు మామూలు ఈగలు తీసింది. ముసలివైపోయాయి కాబట్టి వీటి పేగుల్లో మూలకణాలు కిక్కిరిసి ఉండాలి. లేవు. ఎనిమిది కోసింది, తేడా లేదు. ఇంక్యుబేటర్‌లో థర్మామీటర్ పెట్టి చూసింది. బయట అంకె ఇరవై తొమ్మిది, లోపల ఇరవై. జన్యువుకు వేడి అందనే లేదు. ఆ చల్లదనంలో ఈగలు ముసలివీ కాలేదు.

ఎవరూ వినకపోవడమే మంచిదైంది అనుకుంది. అలా అనుకోగానే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం తల్లే ఫోన్ చేసింది. “పందిట్లోంచి బయటికొచ్చీసాను. ఏటో సెప్పబోయావు?”

“ఏం లేదమ్మా. మళ్ళీ మొదలెట్టాలి.”

“మల్లీ ఎన్నాళ్ళే?”

“నలభై రోజులు.”

“ఓలమ్మ! బువ్వ తినీసావా?”

“తిన్నాను,” అంది, తినకుండానే.

ఫోన్ పెట్టేసి ఈగల గదిలోని స్టవ్ వెలిగించింది. మొక్కజొన్న పిండి, బెల్లం నీళ్ళలో కలిపి కొత్త ఈగలకు మేత పొయ్యి మీద పెట్టింది. అడుగంటకుండా కలుపుతూ అక్కడే నిలబడింది.