జారని నిట్టూర్పు

నమ్మితే నమ్ము, లేకపోతే పో, నాకేం పోయింది! మా పిన్ని నిట్టూర్పులు కిందపడతాయి. నిజం రా. బూడిదరంగులో, పిండిన తడిగుడ్డలా. ల్యాబ్ నుంచి వచ్చి చెప్పులు విప్పగానే ఒకటి, ఫ్యాన్ కింద కూలబడగానే ఇంకోటి. "కాస్త ఓ పక్కకి నిట్టూర్చవే, ఇప్పుడే తుడిచా" అంటుంది అమ్మ, చీపురుతో నెట్టేస్తూ. అంతకుమించి ఎవరూ ఏమీ అనరు.

పిన్ని పనేంటంటే, పొగగొట్టాల్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్లలోకి పంపి, కరెంట్ పెట్టి ఇంధనంగా మార్చడం. మధ్యలో ఓ రాగిరేకు ఉంటుంది, మార్చేది అదే. ఆ మహాతల్లి కాసేపు పనిచేసి మొండికేస్తుంది. ఇంధనం మానేసి ఉత్త హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. మళ్లీ తీయ్, గరుకు కాగితంతో రుద్దు, మళ్లీ పెట్టు. రేకులో మొహం కనబడాల్సిందే, ల్యాబ్ పెద్దసారు శాసనం అది. రుద్దీ రుద్దీ పిన్ని వేలిముద్ర అరిగిపోయింది, ఫోన్ కూడా గుర్తుపట్టట్లేదు.

మొన్న పెద్దసారు తేల్చేశాడు. "చూడమ్మా, ఈసారి రేకు తెల్లారేదాకా నిలబడకపోతే ఈ పని ఆపేస్తున్నాం. నువ్వు వేరే చోటు చూసుకో."

ఆ సాయంత్రం పిన్ని రేకు తీసింది. మచ్చలతో, గరుకుగరుకుగా ఉంది. రుద్దే ఓపిక లేదు. ఓ నిట్టూర్పు విడిచింది, అది పోయి రేకు మీద పడింది. నున్నగా రుద్దిన రేకయితే జర్రున జారిపోయేది. ఇది జారలేదు. ఆ గరుకులో సర్దుకుని కూర్చుంది.

పక్క బల్ల దగ్గర పనిచేసే అక్క తొంగిచూసింది. "బస్సులో సీటు దొరికినట్టు కూర్చుందే!"

"దానికైనా దొరికింది" అంది పిన్ని. అలాగే పెట్టేసి స్విచ్ వేసింది.

పొద్దున పెద్దసారు వచ్చేసరికి రేకు ఇంకా ఇంధనం చేస్తూనే ఉంది. మందుకైనా ఓ హైడ్రోజన్ బుడగ లేదు.

"ఎంతసేపు రుద్దావమ్మా?"

"రుద్దలేదు సార్. ఓపిక లేక."

సారు రేకు మీద కూర్చున్న నిట్టూర్పుని చూశాడు. "అంటే గ్యాస్ కూడా ఇలా గరుకులోనే కూర్చుని ఇంధనమవుతుందన్నమాట, ఆ చోటంతా ఇన్నాళ్లూ మనమే అరగదీశామా!" గరుకు కాగితాలన్నీ చెత్తబుట్టలో పడేశాడు. "పని ఆగదు. నువ్వింటికెళ్లి పడుకో."

ఇంటికొచ్చి పిన్ని మంచమెక్కింది. మేమంతా చుట్టూ మూగాం.

"ఏమైందే?" అంది అమ్మ.

"ఉద్యోగం ఉందక్కా" అంది పిన్ని, గోడవైపు తిరుగుతూ. "అంటే రేపు మళ్లీ వెళ్లాలి."

అప్పుడు అమ్మ ఏం చేసిందో తెలు... ఆఁ వస్తున్నానమ్మా! ఉండు రా, అమ్మ పిలుస్తోం...