బావి చెట్టు తెలుపు

చీర మీద నీలం చొక్కా తొడుక్కుని గిడ్డమ్మ నలభై ఏడో సంచి నింపుతోంది. ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక కలిపిన కుప్పలో చేతులు ముంచి, నల్లటి పాలిథిన్ సంచిలో మూడు దోసిళ్లు పోసి, నేలకు రెండుసార్లు కొట్టి పక్కన పెడుతుంది. గోళ్ల చుట్టూ మట్టి ఎర్రటి గీతలా అంటుకుని ఉంది. పొద్దున తిన్న కొర్రరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి రుచి ఇంకా నోట్లోనే ఉంది. ఈ రోజు ఊరిబిండి బాగా కుదిరింది. ఈ రోజు అన్నీ బాగానే ఉన్నాయి.

బనగానపల్లె దాటాక రోడ్డు పక్కనున్న ఈ మామిడి నర్సరీలో ఆమె ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది. మొదటి పద్నాలుగేళ్లూ మడుల్లో టెంకలు నాటింది. గిడ్డమ్మ నాటితే మొలక వంకర పోదని చుట్టుపక్కల పేరు. తర్వాత ఆరేళ్లుగా సంచులు నింపుతోంది. దానికి కారణం ఒక్క మాట.

భర్త చంద్ర పోయిన మూడో నెలలో ఆమె నాటిన మడిలో కొన్ని మొలకలు తెల్లగా వచ్చాయి. ఆకు తెలుపు, కాడ తెలుపు, పాలలో ముంచి తీసినట్టు. యజమాని రంగనాథ్ కూలీలందరి ముందూ అన్నాడు: "ముండమోపి చెయ్యి తగిలి మొలకలు గూడా తెల్లచీర కట్టినాయి. ఇంక నా మడి తొక్కొద్దు." అప్పటినుంచి అతని భార్య స్వర్ణలత చేతికి పసుపు రాసుకుని నాటుతోంది. ఆ మరుసటి ఏడాదే అతను జ్యూసు ఫ్యాక్టరీ టెంకలు కొనడం మొదలుపెట్టాడు. తెల్ల మొలక మళ్లీ కనిపించలేదు. తన మాటే నిజమైందని అతను నమ్మాడు, ఊరూ నమ్మింది. గిడ్డమ్మ ఆ మాటను ఉప్పుగల్లులా నాలుక కింద దాచుకుంది. కరగనివ్వలేదు.

పోయిన ఏడు దీవెన అనే అమ్మాయి తోటల కాలేజీ నుంచి పదిహేను రోజుల శిక్షణకు వచ్చింది. మొలకలు తెల్లగా ఎందుకొస్తాయని గిడ్డమ్మ ఆమెను అడిగింది.

"పచ్చరంగు చేసే జన్యువు చెట్టులో రెండు ప్రతులుగా ఉంటుందక్కా. ఎప్పుడో ఒకటి చెడిపోయినా రెండోది పని చేస్తుంది, చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. చెడిపోయిన ప్రతి తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిందనుకో, మొలక తెల్లగా పుడుతుంది. రంగు చేసే జన్యువు చెడితేనే తెల్ల కాకి, తెల్ల బర్రె దుడ్డె పుట్టేది."

"ఒకటే చెట్టు, ఒంటరిగా ఉంటే?"

"తల్లీ అదే, తండ్రీ అదే. నాలుగింటికి ఒకటి తెల్లగా రావచ్చు."

"బతుకుతాదా?"

"టెంకలో సద్ది ఉన్నన్నాళ్లు. పచ్చదనం లేకపోతే ఎండలో అన్నం వండుకోలేదు కదక్కా."

తెల్ల మొలకలు వచ్చిన ఏడు తను నాటిన టెంకలు ఎక్కడివో గిడ్డమ్మకు బాగా గుర్తు. నాపరాయి గని పక్కన బావి ఉంది. దాని గట్టున రంగనాథ్ తండ్రి నాటిన చెట్టువి. కూతవేటు దూరంలో ఇంకో మామిడి లేదు.

ఈ ఏడాది ఫ్యాక్టరీ టెంకలకు బూజు పట్టింది. రంగనాథ్ తన చెట్ల టెంకలే తెప్పించాడు. వాటిని కడిగే పని గిడ్డమ్మది. బావి చెట్టు టెంక సన్నగా, నిడివిగా, కొన వంగి ఉంటుంది. అలాంటివన్నీ ఏరి వేరే గంపకెత్తింది. మొదటి మడి నాటే రోజు ఆ గంపను స్వర్ణలత ముందు పెట్టింది. మడిలో కాలు పెట్టలేదు.

మొలకలు లేచే వేళకు శ్రీశైలం వెళ్లిన భార్యాభర్తలు వారం తర్వాత ఈ మధ్యాహ్నమే తిరిగి వచ్చారు. వెంటనే డోన్ నుంచి పరమేష్ అనే రైతు జీపులో దిగాడు. రెండు వేల మొక్కలకు మాట్లాడుకోవాలట. రంగనాథ్ అతన్ని నేరుగా మొదటి మడి దగ్గరికి తీసుకెళ్లాడు. గిడ్డమ్మ సంచి కొట్టడం ఆపింది.

"ఏమప్పా రంగనాథ్," పరమేష్ గొంతు వినిపించింది, "మడికి సున్నం కొట్టించినావా?"

మడి నిండా అక్కడక్కడా తెల్ల మొలకలు. రంగనాథ్ ఆమెవైపు తిరిగాడు. "గిడ్డమ్మా, నువ్వేమన్నా ఈడ చెయ్యి పెట్టినావా?"

"నీ మడి గట్టు తొక్కక ఆరేండ్లాయ. నాటింది స్వర్ణమ్మ. పసుపు పూసుకోని."

స్వర్ణలత తన అరచేతిని తిప్పి చూసుకుంది. ఆ చూపుకు మాత్రం గిడ్డమ్మ సిద్ధంగా లేదు. ఒకప్పుడు తనూ నెలల తరబడి అలాగే చూసుకుంది.

"అప్పుడు ఏమంటివప్పా? నాకు సరిగ్గా గ్యాపకం లేదు. ఇంగోసారి అను," అంది రంగనాథ్‌తో గిడ్డమ్మ.

రంగనాథ్ మడిలోకి వంగి చూశాడు. "టెంకలు మంచివి కావేమో."

"అప్పుడూ టెంకలే కదప్పా. మీ నాయన చెట్టువి." గిడ్డమ్మ లేచి గట్టు దాకా వచ్చి ఆగింది. "నీ చెయ్యి శానా మంచిది స్వర్ణమ్మా. తెలుపు ఆ బావి చెట్టు లోపలే ఉండాది. ఆ టెంకలు నేనే ఏరి నీ ముందర పెట్టినా."

"తెలిసే చేసినావా?" అన్నాడు రంగనాథ్.

"తెలిసే చేసినా. నువ్వు తెలీక అన్న మాటకు నాకు ఆరేండ్లు పోయె. నేను తెలిసి చేసిన పనికి నీకు ఒక మడి పోయె."

పరమేష్ దగ్గాడు. "ఇంగోసారి వస్తాలేప్పా," అని జీపు వైపు నడిచాడు. రేపటికి ఈ కథ డోన్‌లో టీ కొట్ల దాకా పోతుంది. ఆ సంగతి రంగనాథ్‌కూ తెలుసు. గట్టు మీద కూర్చుండిపోయాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"రేపట్నుంచి నువ్వే నాటు."

గిడ్డమ్మ ఆరేళ్లుగా ఈ మాట ఎలా ఉంటుందోనని ఊహించుకుంది. తియ్యగానే ఉంది.

"నాటను," అంది.

సగం నిండిన సంచిని పూర్తిగా నింపి, రెండుసార్లు కొట్టి పక్కన పెట్టింది. కుళాయి దగ్గర గోళ్లు రుద్ది రుద్ది కడుక్కుంది. షెడ్డులో చొక్కా విప్పి, రోడ్డెక్కి పాణ్యం వైపు పోయే ఆటో ఎక్కింది. గాలికి కొంగు ఎగిరితే పట్టుకోలేదు, ఎగరనిచ్చింది.

ఆమె మళ్లీ రాలేదు. పన్నెండు రోజులకు తెల్ల మొలకలు ఒక్కొక్కటే వాలిపోయాయి. వాటిని పీకే పని ఎవరికీ పురమాయించకుండా స్వర్ణలతే చేసింది. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం షెడ్డులోకి వెళ్లింది. మేకుకు చంద్ర నీలం చొక్కా వేలాడుతోంది. గిడ్డమ్మ రోజూ దాన్నే చీర మీద తొడుక్కుని పని చేసేది. మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు మడిచినట్టే ఉన్నాయి, మడతల్లో ఎర్రమట్టి.