ఏడుగురు మానేసిన ల్యాబు

యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేరిక కాగితం మీద సంతకం పెట్టడానికి సాయంత్రం ఐదింటి దాకానే గడువు. పై అంతస్తు పెద్దసారు దగ్గరే పరిశోధన చేస్తానని అక్క కూతురు మంకుపట్టు పట్టింది. ఆయన ల్యాబులో గాజుసామాను కడిగే పిన్నికి మాత్రం అది బొత్తిగా నచ్చలేదు.

"వద్దే. ఐదేళ్లు అరిగిపోతావు" అంది సింకు దగ్గర బీకర్లు తోముతూ.

"ఆయన పేరు చెబితే ఎక్కడైనా ఉద్యోగమిస్తారు. సీసాలు తోమేదానివి, నీకేం తెలుసు పిన్నీ?"

పిన్నికి ఒళ్లు మండింది. "తోమేదాన్నేనమ్మా. ఎవరైనా మానేస్తే ఫ్రీజర్లో వాళ్ల నమూనాల పెట్టెల మీద పేరు గీకేసి, కొత్తవాళ్ల పేరు అంటించేదీ నేనే. ఒక్క పెట్టె మీదే ఆరేళ్లలో ఏడు పేర్లు గీకాను. పోయి అడుగు, వాళ్లంతా ఏమయ్యారో!"

"అడుగుతా. నీ నోరు మూయించడానికైనా అడుగుతా."

అమ్మాయి విసవిసా పెద్దసారు గదిలోకి పోయింది. తలుపు తీసే ఉండటంతో మాటలన్నీ సింకు దాకా వినబడ్డాయి.

"సార్, ఇదివరకు ఈ పని చేసినవాళ్లతో ఒకసారి మాట్లాడొచ్చా?"

"చేతకాక పారిపోయినవాళ్లతో నీకేం పని?"

"ఏడుగురికీ చేతకాలేదా సార్?"

కుర్చీ కిర్రుమంది. "ఏడుగురని నీకెవరు చెప్పారు?"

పిన్ని చేతులు ఆగిపోయాయి. ఈ పిల్ల నోరు జారితే రేపటి నుంచి తనకు పని ఉండదు.

"ఎవరు చెబితేనేం సార్? తప్పైతే తప్పని చెప్పండి."

"నన్నే నిలదీస్తావా? నడు బయటికి! నీలాంటివాళ్లు వందమంది గుమ్మం ముందు పడిగాపులు కాస్తున్నారు."

అమ్మాయి మొహం కందగడ్డ చేసుకుని బయటికొచ్చింది. పిన్ని వైపు చూడకుండా మెట్లు దిగి, కింది అంతస్తులో ఇంకో ల్యాబు నడిపే మేడమ్ గదిలోకి వెళ్లింది. పిన్ని తడి చేతులతోనే వెనకాల నడిచి, గుమ్మం దగ్గర ఆగింది.

మేడమ్ ఎగాదిగా చూసింది. "పైన గెంటేస్తే ఇటొచ్చావా?"

"అవును మేడమ్. మీ దగ్గర మానేసినవాళ్లున్నారా?"

"ఇద్దరు. నంబర్లిస్తాను, మాట్లాడు. నన్ను తిట్టిపోస్తారు, తీరిగ్గా విను."

అమ్మాయి వరండాలో నిలబడి ఇద్దరికీ ఫోను చేసింది.

"ఏమన్నారే?" పిన్ని ఆగలేకపోయింది.

"నోరు మంచిది కాదట. రాసిందల్లా ఎర్రసిరాతో కొట్టేస్తుందట. కానీ మానేశాక కూడా వాళ్లు చేసిన పని మీద అచ్చయిన వ్యాసంలో వాళ్ల పేరే ముందు వేసిందట."

ఐదింటికి పది నిమిషాలుందనగా, మేడమ్ దగ్గరే చేరతానని సంతకం పెట్టేసింది.

"నేను చెప్పలేదూ..." అంటూ పిన్ని మొదలుపెట్టింది.

"చాల్లే. నీ మాట విన్నానని మా అమ్మకు చెప్పావంటే ఊరుకోను" అని కసిరి, అమ్మాయి గేటు వైపు నడిచింది.