గిన్నె ముట్టని అత్తగారు

బుర్మాకాన్‌కి గర్వమని నరీన్ లోయంతా ఒకటే మాట. పులిసిన గుర్రప్పాల గిన్నె చేతులు మారుతూ తన దాకా వస్తే ముట్టదు, పక్కకి జరిపేస్తుంది. అదీ ఒక్కోసారే. మిగతా రోజుల్లో గటగటా తాగుతుంది. మొహాలు చూసి తాగుతుందని జనం తేల్చేశారు. తేల్చడానికి జనానికి ఎంతసేపు?

అసలు సంగతి వేరు. ఇరవయ్యొక్క రోజులకోసారి ఆమె రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం, నోటినిండా పుళ్ళు. ఆ పులుపు తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. తండ్రికీ ఇదే జబ్బు. "పెళ్ళివాళ్ళు ఏడు తరాలూ ఆరా తీస్తారు తల్లీ. గర్వమనుకోనీ, జబ్బని మాత్రం చెప్పకు," అన్నాడాయన. కట్టుకున్నవాడికి కూడా ఆమె చెప్పలేదు. కొడుకు ఉలాన్‌కి చిన్నప్పుడు అవే పుళ్ళు లేస్తే, పళ్ళొస్తున్నాయని నమ్మించింది. పెద్దయ్యాక వాడికి సద్దుమణిగింది.

ఉలాన్ పెళ్ళిలో వియ్యపురాలు తన చేత్తో గిన్నె అందించింది. సరిగ్గా పుళ్ళ రోజులవి. బుర్మాకాన్ జరిపేసింది. కోడలు పెరిజాత్ ఆ అవమానం మరిచిపోలేదు. ఒకే పెరడు, రెండు పొయ్యిలు. మనవణ్ణి తొలిసారి తొట్టిలో పడుకోబెట్టాల్సింది నాయనమ్మ. పెరిజాత్ ఆ పని పక్కింటి ముసలమ్మ చేత చేయించింది. బుర్మాకాన్ కిటికీలోంచి చూసి, రొట్టెల పిండి పిసుకుతూ ఏడ్చింది. వాణ్ణి ఒక్కసారి ఒళ్ళోకి తీసుకుంటే చాలనుకుంది. అలా ఏడు నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని కోడలే వచ్చింది, చంకలో పిల్లాడు.

"అత్తయ్యా, వీడు పాలు తాగట్లేదు. ఒళ్ళు కాలిపోతోంది. మూడు వారాలకోసారి ఇదే తంతు. పళ్ళేమోలే అంటాడు మీ అబ్బాయి."

"నోరు చూశావా?"

"అన్నీ పుళ్ళే." పెరిజాత్ ఆమె మొహంలోకి చూసింది. "ఇదేంటో మీకు తెలుసు కదూ."

బుర్మాకాన్ అంతా చెప్పేసింది. "ఈ జ్వరంతో వాణ్ణి ఇంట్లో ఉంచకూడదే. ఇప్పుడే పట్నం పెద్దాసుపత్రికి పోదాం. సూదిమందుందట."

"పెళ్ళిలో గిన్నె జరిపింది ఇందుకేనా?"

"ఇందుకే."

"గర్వమనుకుని ఇన్నాళ్ళూ మిమ్మల్ని దూరం పెట్టాను. సంబంధం మాట్లాడేటప్పుడు మావాళ్ళు అడిగితే ఏడు తరాల పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారే, ఇదొక్కటీ నోటికి రాలేదా?"

పెరిజాత్ పిల్లాణ్ణి అత్తగారి చేతుల్లో పెట్టి, బండి కోసం పరుగెత్తింది.

కోరుకున్న బరువు ఒళ్ళోకొచ్చింది. నిప్పులా కాలుతోంది. బుర్మాకాన్ వాణ్ణి గుండెకి హత్తుకుంది.

"నేనే నాయనా," అంది, "నేనే ఇచ్చాను నీకిది."