పసుపు కార్డు, ఎర్ర చుక్క

గ్రెతె ఆ బడి లైబ్రరీలో చేరి ముప్పై ఒక్క ఏళ్లయింది. లిమ్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో ఆమె దగ్గర పుస్తకం తీసుకోకుండా పెద్దయిన వాళ్లు దాదాపు లేరు. పుస్తకాల మీద రంగు చుక్కలు అంటించే పద్ధతి పెట్టింది కూడా ఆవిడే. తేలికవాటికి ఆకుపచ్చ, ఆ పైన పసుపు, తర్వాత నీలం, బాగా కష్టమైనవాటికి ఎరుపు. ఏటా చదువు పరీక్ష పెట్టి పిల్లల కార్డుల మీదా అవే చుక్కలు వేసేవారు. పసుపు కార్డుకి పసుపు పుస్తకం, మహా అయితే నీలం. మింగలేని ముద్ద పెడితే పిల్లలు అన్నం మీదే విరక్తి పెంచుకుంటారని ఆమె వాదన. వాదనలో తప్పేం లేదు. కాకపోతే రాను రాను ఆమె కంటికి పిల్లల మొహాల కంటే ముందు చుక్కలే కనబడసాగాయి. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం ఎవరూ చేయలేదు.

పెద్ద పుస్తకం మీద కన్నేసిన ప్రతి పిల్లా ఒకటే పాట పాడేది: "నా కోసం కాదు గ్రెతే, మా అన్న కోసం." అన్నలు లేనివాళ్లు కూడా ఇదే మాట. "ఈ ఊళ్లో పుట్టని అన్నలందరూ నాకు బాగా తెలుసు" అని గ్రెతె స్టాఫ్ రూములో కాఫీ తాగుతూ అందర్నీ నవ్వించేది. తన మాటకారితనం మీద ఆమెకు కాస్త మురిపెం ఉండేది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, నాలుగో తరగతి లైబ్రరీ పీరియడ్. మెర్లె అనే పదేళ్ల పిల్ల నీలం అట్ట ఉన్న లావుపాటి పుస్తకాన్ని రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఫ్యోర్డ్ మీద తిరిగిన పాత చెక్క పడవల చరిత్ర అది. మెర్లె పెద్దగా మాట్లాడదు. చదువు పరీక్షలో పసుపు చుక్క కూడా అత్తెసరుగా వచ్చింది.

"ఇది కావాలి" అంది.

గ్రెతె కార్డు చూసింది, పుస్తకం చూసింది. "తల్లీ, ఇది ఎర్ర చుక్క. నాలుగు వందల పేజీలు. నిండా కొలతలే."

"తెలుసు. నా కోసం కాదు. మా..."

"మా అన్న కోసం!" అని గ్రెతె అందుకుంది. "నీకు అన్న ఎప్పుడు పుట్టాడే? మీ అమ్మ నాతో మాట మాత్రమైనా అనలేదు!"

క్లాసంతా గొల్లున నవ్వింది. మెర్లె చెవులు ఎర్రబడ్డాయి. గ్రెతె చకచకా వెళ్లి ఒక పల్చటి పుస్తకం తెచ్చింది.

"ఇదీ పడవల గురించే. బొమ్మలు కూడా ఉన్నాయి. ముందు ఇది కానివ్వు."

మెర్లె థాంక్స్ చెప్పి తీసుకెళ్లింది. గ్రెతె నీలం అట్ట పుస్తకాన్ని అరలో పెట్టేసింది. పిల్లను మంచి దారిలో పెట్టానని ఆ రోజంతా సంతోషపడింది కూడా.

మూడు వారాలకు ఐనార్ పోయాడు. ఎనభై ఎనిమిదేళ్ల వాడు, పడవలు కట్టే వడ్రంగి. గ్రెతె వాళ్ల నాన్న పడవ కట్టింది కూడా అతనే. రెండేళ్లుగా చూపు లేదు, వృద్ధాశ్రమంలో ఉంటున్నాడు. అంత్యక్రియలకు గ్రెతె వెళ్లింది. చర్చిలో అయ్యాక అందరూ పక్క హాల్లో కాఫీకి కూర్చున్నారు. ఐనార్ కూతురు విబెకె వచ్చి ఆమె పక్కన కూలబడింది. మెర్లె తల్లి ఈమే.

"నీకు థాంక్స్ చెప్పాలి గ్రెతే. మెర్లె రోజూ బడి అయ్యాక వెళ్లి నాన్నకి పుస్తకం చదివి వినిపించేది. నువ్విచ్చిందేగా."

"ఏ పుస్తకం?"

"అదే, పల్చటిది. 'ఇది పడవ. పడవ నీళ్ల మీద తేలుతుంది.'" విబెకె నవ్వబోయి ముక్కు తుడుచుకుంది. "నాన్న పడీ పడీ నవ్వేవాడు. అరవై ఏళ్లు పడవలు కట్టాను, అవి తేలతాయని ఇవాళ తెలిసిందే పిల్లా అని! అయినా రోజూ చివరిదాకా వినేవాడులే. పాపం, ఆయన అడిగింది వేరేది. నీలం అట్ట పుస్తకంలో ఆయన కట్టిన పడవ గురించి రాశారట. ఆ ఒక్క పేజీ వినాలనుందే అన్నాడు. బళ్లో లేదని మెర్లె చెప్పింది."

గ్రెతె చేతిలోని బన్ను పళ్లెంలో పెట్టేసింది. "లేదని చెప్పిందా?"

"ఆఁ. ఉంటే నువ్వివ్వవా ఏంటి?"

ఉందని చెప్పాల్సింది. ముప్పై ఏళ్లుగా గలగలా ఆడిన నోరు సరిగ్గా అప్పుడే మూగబోయింది. అవతలి బల్ల దగ్గర చక్కెర గిన్నె అందిస్తున్న మెర్లె ఒకసారి ఇటు చూసి తల తిప్పుకుంది.

గ్రెతె అక్కణ్ణుంచి నేరుగా బడికి వెళ్లి తాళం తీసి నీలం అట్ట పుస్తకం తెరిచింది. రెండు వందల పన్నెండో పేజీలో ఉంది: 'మారెన్' అనే పడవ, కట్టింది ఐనార్. ఆమె పైకి చదివింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. కష్టమైన మాటలు నాలుగైదు ఉన్నాయి, అన్నీ వడ్రంగి మాటలే. వాటి దగ్గర మెర్లె ఆగిపోతే ముసలాయనే అందించి ఉండేవాడు. ఆ పుస్తకం కష్టం కాని మనిషి ఈ ఊళ్లో ఒక్కడే ఉండేవాడు, అది అడిగింది అతనే. గ్రెతె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

సోమవారం మెర్లె పల్చటి పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. గడువు రోజుకే తెచ్చింది.

"మీ అమ్మకి నిజం ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది గ్రెతె.

"చెబితే అమ్మ ఇక్కడికొచ్చి గొడవ చేస్తుంది. మళ్లీ అందరూ నవ్వుతారు."

"తప్పు నాదే మెర్లె. నీ మాట పూర్తి కానివ్వలేదు."

"ఊఁ" అంది మెర్లె.

గ్రెతె నీలం అట్ట పుస్తకం తీసి ఆమె ముందుకు జరిపింది. "తీసుకెళ్లు. ఎన్నాళ్లైనా ఉంచుకో."

"నాది పసుపు కదా." అందులో దెప్పిపొడుపు లేదు. మర్చిపోయిందేమో అని గుర్తు చేసినట్టే అంది.

"రంగు సంగతి వదిలెయ్."

"ఇప్పుడెందుకు? తాత వినలేడుగా."

గంట మోగింది. మెర్లె వెళ్లిపోయింది.

మర్నాడు మళ్లీ నాలుగో తరగతి పీరియడ్. ఫ్రేయ అనే పిల్ల ఎర్ర చుక్క దయ్యాల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. "నా కోసం కాదు గ్రెతే, మా అన్న కోసం."

నవ్వడానికి క్లాసంతా సిద్ధంగా ఉంది. ఫ్రేయ ఒక్కతే కూతురని గ్రెతెకు బాగా తెలుసు.

"మీ అన్న పేరేంటి?"

ఫ్రేయ కాస్త ఎక్కువసేపే ఆలోచించింది. "ఓలె."

"ఓలెకి నచ్చిందో లేదో నాకు చెప్పు" అని గ్రెతె గడువు తేదీ ముద్ర వేసి పుస్తకం ఇచ్చేసింది. ఎవరూ నవ్వలేదు. ఫ్రేయ వెనకాలే వరసలో ఖాళీ చేతులతో నిలబడ్డ మెర్లె అదంతా చూసింది. చూసి, బల్ల దాటుకుని, ఏ పుస్తకమూ తీసుకోకుండా బయటికి నడిచింది.