బూచి చీటీ

‘బూచి’ అనే మాటను అతని భార్య దగ్గర నుంచి దొంగిలించారు. దొంగ ఎవరో కూడా అతనికి తెలుసు. రెండు గదుల అవతల కూర్చుని ‘బ’ అక్షరం చూసే సంపాదకురాలు. ఒకప్పుడు భార్యకు ప్రాణస్నేహితురాలు. ఆవిడ ఎదురుపడితే రెండేళ్లుగా అతను గోడవైపు తిరిగి నడుస్తున్నాడు.

నిఘంటువు కార్యాలయంలో అతనిది చెరిపే పని. సేకరించేవాళ్లు ఒక్కో మాటకు ఒక్కో చీటీ రాస్తారు. అర్థాలూ, కింద కుడిమూల సంతకమూ సిరాతో ఉండాలి. పెన్సిలు రాతలు సంపాదకులు తమకోసం రాసుకున్నవి. వాటిని రబ్బరుతో చెరిపి, చీటీ వెనక అతను తన ముద్ర కొట్టాలి. సంతకం లేని చీటీ ఆ అక్షరం చూసే సంపాదకుల పేరున పడుతుంది. పనీ మాటా రెండూ గరుకేనని చాటున అందరూ అతన్ని ‘గరుకు కాగితం’ అనేవారు. తెలిసీ ఊరుకున్నాడు. అబద్ధమైతే కదా అడగడానికి.

చనిపోయేముందు ఆరేళ్లు భార్య బూచి వెంట పడింది. చంటిపిల్లల తల్లుల పక్కనా, బట్టలుతికే ఆడవాళ్ల పక్కనా కూర్చుని రాసుకుంది. మొదటి అర్థం, పిల్లల్ని భయపెట్టడానికి పెద్దలు చెప్పే ఆకారం. రెండోది, లేని ప్రమాదం చూపించి ఎదుటివాణ్ణి బెదరగొట్టే సాకు. మూడోదంటే ఆమెకు ఇష్టం: ఇంట్లో వస్తువులు మాయం చేసే చిలిపి దయ్యం. ఇంట్లోవాళ్లే దాచేసి దాని మీదకు నెడతారు. పుట్టుక మాత్రం తేలలేదు. ఎవరో దొరపేరు అరిగి అలా అయిందని కొందరన్నారు. దుప్పటి కప్పుకుని ‘బూ’ అనడంలోంచి వచ్చిందని ఆమె రాసింది. పక్కనే ‘రుజువు లేదు’ అనీ రాసింది. లేనిది ఉందనడం ఆమెకు చేతకాదు.

ఆఖరి ప్రూఫులోనూ సేకర్త పేరు దగ్గర సంపాదకురాలి పేరే ఉంది. నాలుగింటికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోతాయి. మూడుంపావు అయింది. ఒకసారి అచ్చయితే ఇరవై ఏళ్ల దాకా ఆ పుస్తకాన్ని ఎవరూ ముట్టరు. ఇన్నాళ్లూ అతను ఎవర్నీ అడగలేదు. దొంగను అడిగితే దొరికేది అబద్ధమేనని అతని లెక్క. ఇవాళ కాళ్లు వాటంతటవే ప్రధాన సంపాదకుడి గదిలోకి తీసుకుపోయాయి. చీటీ మీద సంతకం చూపిస్తే పేరు మారుస్తానన్నాడాయన.

పాత చీటీల గదిలోకి సంపాదకురాలు వెనకాలే వచ్చింది.

“ఆ చీటీ జోలికి పోకండి అన్నయ్యగారూ. వదిన పేరు వేయమని నేను రెండుసార్లు రాసిచ్చాను. ప్రధాన సంపాదకుడు ఒప్పుకోలేదు. ఇంక వదిలేయండి.”

“మింగింది కక్కమంటే ఎవరైనా వదిలేయమనే అంటారు,” అన్నాడతను.

అతను ‘బ’ చీటీల కట్ట విప్పాడు. ‘బూజు’ చీటీ చేతికొచ్చింది, ‘బూడిద’ చీటీ చేతికొచ్చింది. మూడున్నరకు బూచి దొరికింది. భార్య గుండ్రటి అక్షరాలు. కుడిమూల ఖాళీ.

కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్నాడు. ఆ మూల కాగితం పొరలు లేచి పలచబడింది. గుండుసూది తలంత చిరుగు. దాని చుట్టూ ఆమె సంతకం తాలూకు గాడి. వెనక్కి తిప్పాడు. వెనక ఉన్నది తన ముద్రే. ఆమె పోయాక పనిలోకి తిరిగొచ్చిన వారం తారీఖు. ఆ వారం రోజుకు మూడు వందల చీటీలు శుభ్రం చేశాడు. ఒక్కటీ చదవలేదు.

“ఆస్పత్రిలో పడుకుని సంతకం పెట్టబోతే పెన్ను పారలేదు వదినకి,” అందావిడ. “నా పెన్సిలిచ్చాను. కాస్త లేచాక సిరాతో దిద్దుతానంది. లేవలేదుగా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరే చెరిపేశారని చెప్పనా? నన్ను తిట్టుకుంటున్నారు, అదే నయంలే అనుకున్నాను.”

తన గదిలో ప్రధాన సంపాదకుడు చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. గాడి సంతకం కిందికి రాదట. చెరిపినవాళ్లు కాగితం రాసిస్తే వేస్తానన్నాడు. అది ఫైల్లో ఉండిపోతుందనీ చెప్పాడు. గోడగడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

అతను పెన్ను తీసుకున్నాడు. ‘ఈ చీటీ మీది నా భార్య సంతకం నేనే చెరిపాను’ అని రాశాడు. ‘నేనే’ దగ్గర సిరా మరక పడింది. ఆయన ప్రూఫులో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాశాడు. అక్షరాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని అతను మూడుసార్లు చూశాడు. పేజీలు కట్ట కట్టి వ్యానులో పెట్టి తలుపు వేసేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

మెట్ల దగ్గర సంపాదకురాలు మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది. అతను గ్లాసు అందుకోలేదు. ఈసారి గోడవైపూ తిరగలేదు.

“అడిగారు, రాసిచ్చాను. అక్కడికి సరి,” అన్నాడు. “ఈ సంగతి ఇంక నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. మీరు కూడా. నేనైతే చచ్చేదాకా ఎత్తను.”